బందరు పేరు అందరిదీ, మీ పేరు మీది
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆమధ్య బందరు నుంచి గుడివాడ వెళ్ళే రైల్లో కూర్చున్నాను. పెడనలో ఒకావిడ పెద్ద బట్టల మూటతో ఎక్కింది. నా ఎదురుగా కూర్చున్నావిడకు తెలిసిన మనిషి కాబోలు, "ఏం వదినా, ఫోనులో వ్యాపారం జోరుగా వుందటగా!" అని పలకరించింది.

"ఏం జోరు! పదిహేను రోజులైంది కొట్టు మూతబడి."

"అదేమిటి? కొట్టు ఇంట్లోనేగా?"

"కొట్టు ఇంట్లోనే. తాళం మాత్రం ఎక్కడో వాళ్ళ చేతిలో వుంది."

సంగతేమిటంటే, ఆవిడ ఇంట్లో కలంకారీ దుప్పట్లూ, చీరెలూ అద్దించి, ఫోటోలు తీసి, ఒక కంపెనీ యాప్ ద్వారా అమ్ముతున్నది. ఒకరోజు పొద్దున్నే మెసేజి వచ్చింది. "మీరమ్మే అద్దకం మరొకరి డిజైనుకు నకలని ఫిర్యాదు వచ్చింది. మీ సరుకు తీసేశాం. మీకు రావలసిన డబ్బు ఆపేశాం." అంతే. ఎవరు ఫిర్యాదు చేశారో, ఎవరితో మొరపెట్టుకోవాలో తెలియదు. ఫోను చేస్తే పాట వినిపిస్తారు. "మా మామగారి కాలం నాటి అచ్చు వదినా అది! ఆయన చేయించిన కొయ్య యిప్పటికీ అటక మీద వుంది" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఊరూ పేరూ తెలియనివారి మాటల మధ్య దూరటం మర్యాద కాదని నేను నోరు విప్పలేదు. గుడివాడలో దిగిన తర్వాత, అయ్యో చెప్పవలసిందేనే అనిపించింది. ఆ రోజు ఆవిడకు చెప్పలేకపోయినవే ఈ రోజు మీకు చెబుతున్నాను. మీలో ఎంతమంది ఇళ్ళల్లో లడ్డూ, పచ్చడి, చీరె, చిలకలపూడి గొలుసు ఫోనులో నుంచి బయటి ఊళ్ళకు వెళ్తున్నాయో నాకు తెలుసు.

దూరపు బేరాలు మన ప్రాంతానికి కొత్త కాదు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం వచ్చి కొట్లు పెట్టుకున్నది మన అద్దకపు బట్ట కోసమే. ఆ బట్ట అక్కడ ఎంతగా అమ్ముడుపోయిందంటే, తమ దేశపు నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సువాళ్ళు 1686లో అద్దకపు బట్టలను నిషేధించారు. ఇంగ్లండువాళ్ళు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేశారు. ఎక్కడో కూర్చుని రాసిన చట్టం ఇక్కడ అద్దకం చేసేవాడి పొయ్యి దాకా రావటం ఆనాడే వుందన్నమాట. కాకపోతే ఆ రోజుల్లో మధ్యన దలారీలుండేవారు. కాగితాలు, సంతకాలు వాళ్ళు చూసుకునేవారు. ఇప్పుడు ఒప్పందం మీద వేలు నొక్కుతున్నది మీరే. అన్నం వార్చుతూ నొక్కుతున్నారు.

మొదట పేరు సంగతి చూద్దాం.

బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జి.ఐ. అంటున్నారే, అదే. మచిలీపట్నం కలంకారీకి అంతకు ముందే వచ్చింది. 1999లో చేసిన చట్టం ఇది, 2003 నుంచి అమలులో వున్నది. దీని భావం ఏమిటంటే, ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో చేసిన సరుకుకే ఆ పేరు చెల్లుతుంది. శెనగపిండితో పూస తీసి, దాన్ని దంచి, పాకం పోసి, నెయ్యి పోసి మళ్ళీ దంచితేగాని తొక్కుడు లడ్డు కాదు గదా! ఇంకెక్కడో మరపట్టిన పిండిని ఉండలు చుట్టి "బందరు లడ్డు" అని చీటీ అంటిస్తే అది చట్టవిరుద్ధం. కరక్కాయ నీళ్ళలో నానబెట్టని, కొయ్య అచ్చు తగలని మరముద్ర గుడ్డను "మచిలీపట్నం కలంకారీ" అని ఫోనులో అమ్మటమూ అంతే.

ఇంతవరకూ బాగానే వుంది. కాని చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఈ గుర్తింపు వచ్చినంత మాత్రాన బందరులో పుట్టిన ప్రతివాళ్ళకూ ఆ పేరు మీద దావా వేసే హక్కు రాదు. గుర్తింపు తెచ్చుకున్న సంఘం ఒకటి వుంటుంది. దాని తర్వాత, అదే పద్ధతిలో అదే ప్రాంతంలో తయారుచేసేవారు ఒక్కొక్కరూ "అధీకృత వినియోగదారు"గా చెన్నైలో వున్న జి.ఐ. రిజిస్ట్రీలో నమోదు చేసుకోవాలి. అలా నమోదైనవారికే ఆ పేరు వాడుకునే హక్కు గట్టిపడుతుంది, నకిలీ మీద కోర్టుకెక్కే బలం వస్తుంది. ఆ దరఖాస్తు రుసుము ఒకప్పుడు 500 రూపాయలు వుండేది. 2020లో దాన్ని 10 రూపాయలు చేశారు. పది రూపాయలకు కొత్తిమీర కట్ట కూడా రాని రోజుల్లో ఇంతకన్న చౌక బేరం నాకు కనపడలేదు. అయినా ఎంతమంది నమోదు చేసుకున్నారు? మీ వీధిలోనే అడిగి చూడండి.

బందరు పేరు అందరిదీ కాబట్టి అది ఏ ఒక్కరి ట్రేడ్ మార్కూ కాదు. చట్టం దానికి ఒప్పుకోదు. మరి మీ లడ్డూను పక్కింటి లడ్డూ నుంచి వేరుగా గుర్తుపట్టేదెలా? దానికి మీ సొంత పేరు వుండాలి. అమ్మమ్మ పేరో, ఇంటిపేరో, ఏదో ఒకటి పెట్టుకుంటారు. నాలుగేళ్ళు కష్టపడితే ఆ పేరుకు నలుగురు అలవాటుపడతారు. సరిగ్గా అప్పుడు వేరేవాళ్ళెవరో అదే పేరు తమదని రిజిస్టరు చేయించుకుని మీకే నోటీసు పంపుతారు! మీరు ముందు నుంచీ వాడుతున్నట్టు రుజువుంటే చట్టం మిమ్మల్ని కాపాడుతుంది, కాదనను. కాని ఆ రుజువుల కోసం తిరిగే తిరుగుడు మీది. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైనులో ట్రేడ్ మార్కు దరఖాస్తు రుసుము 2017 నిబంధనల ప్రకారం ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. మిఠాయిలకొక తరగతి, బట్టలకొక తరగతి. రిజిస్టరైతే పదేళ్ళు చెల్లుతుంది, తిరిగి పొడిగించుకోవచ్చు.

ఇప్పుడు పెడన వదినగారి బాధకు వద్దాం. ఇది పేరుకు సంబంధించినది కాదు, డిజైనుకు సంబంధించినది.

మీరు ఒక కొత్త అచ్చు చెక్కించారనుకోండి, లేదా చిలకలపూడిలో ఒక కొత్త నమూనా గాజు చేయించారనుకోండి. సంబరపడి ఏం చేస్తాం? వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెడతాం. అక్కడే పొరపాటు జరుగుతున్నది. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ప్రకారం, దరఖాస్తు చెయ్యకముందే లోకానికి వెల్లడైపోయిన డిజైనును రిజిస్టరు చెయ్యరు. మీరు పెట్టిన ఫోటోయే మీ హక్కుకు అడ్డం పడుతుంది! కాబట్టి వరస ఇది: ముందు కోల్‌కతాలోని డిజైన్ల ఆఫీసుకు ఆన్‌లైనులో దరఖాస్తు, ఆ తర్వాతే ఫోటో. రిజిస్టరైతే పదేళ్ళు, ఆపైన ఇంకో అయిదేళ్ళు పొడిగింపు.

"బొమ్మ గీసింది నేనే కదా, కాపీరైటు లేదా?" అని అడగవచ్చు. వుంటుంది. అయితే, డిజైనుగా రిజిస్టరు చెయ్యటానికి వీలున్నదాన్ని అలా చెయ్యకుండా యాభై సార్లకు మించి సరుకు మీద వేస్తే, ఆ కాపీరైటు పోతుందని 1957 కాపీరైటు చట్టంలోనే రాసివుంది. యాభై చీరెలంటే ఎంతండీ, ఒక పెళ్ళి సీజను! మీరు తీసిన ఫోటో సంగతి మాత్రం వేరు. దాని మీద కాపీరైటు మీకు ఏ రిజిస్ట్రేషనూ లేకుండానే వుంటుంది. ఎవరైనా మీ ఫోటో ఎత్తుకుని తమ సరుకుగా అమ్ముతుంటే ఆ సైటువారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 36 గంటల్లో దాన్ని అందరికీ కనపడకుండా ఆపాలి. అయితే 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్ళు దాన్ని తిరిగి పెట్టుకోవచ్చు. ఈ లెక్క మీ మీద కాపీరైటు ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా గుర్తుంచుకోండి.

వదినగారి అచ్చు పాతది. కొత్తగా ఎవరో దాన్ని తమ డిజైనుగా రిజిస్టరు చేయించుకుని ఆవిడ మీద ఫిర్యాదు పెట్టి వుండవచ్చు. ఇందాక చెప్పిన నియమమే ఇక్కడ ఆవిడకు అండగా నిలుస్తుంది. రిజిస్టరయ్యేనాటికే ఆ డిజైను ఇక్కడ వెల్లడై వుంటే, రిజిస్ట్రేషను రద్దు చెయ్యమని డిజైన్ల కంట్రోలరుకు అర్జీ పెట్టుకోవచ్చు. మామగారి కాలం నాటి కొయ్య అచ్చు, పాత బిల్లు పుస్తకాలు, తేదీ వున్న ఫోటోలు, ఆ చీరె కట్టుకుని ఎవరో పెళ్ళిలో దిగిన బొమ్మ, ఇవన్నీ రుజువులే. నేనైతే ప్రతి అచ్చునూ ఒక తెల్లగుడ్డ మీద వేసి, వెనక తేదీ రాసి, దాని ఫోటోను నాకు నేనే మెయిలు పంపుకుని దాచమంటాను. అటక మీద ఉన్నదాన్ని చెదలకు వదిలెయ్యకండి.

తినుబండారాలు చేసేవారికి రెండు మాటలు. "ఇంట్లో చేసుకుని పదిమందికి ఇస్తున్నాం, మాకెందుకండీ లైసెన్సు" అంటారు. 2006 ఆహార భద్రతా చట్టానికి వంటిల్లయినా ఒకటే, ఫ్యాక్టరీ అయినా ఒకటే. చిన్నవారికి లైసెన్సు బదులు రిజిస్ట్రేషను చాలు. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల అమ్మకం వరకూ చిన్నవారన్నారు, రుసుము ఏడాదికి 100 రూపాయలన్నారు. ఇలాంటి హద్దులు మారుతుంటాయి కనక దరఖాస్తు పెట్టే రోజున చూసుకోండి. ఆ 14 అంకెల నంబరు, తూకం, ధర, తయారీ తేదీ, మీ చిరునామా పొట్లం మీద వుండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క. నాగాయలంక, అవనిగడ్డ వైపు నుంచి రొయ్యల పచ్చడి పంపే దివిసీమ అక్కయ్యలకు గోధుమరంగు త్రికోణం.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళవారు ఆ పచ్చళ్ళను పిల్లల స్నేహితులకు కూడా అమ్మకానికి పంపుతున్నారు. అక్కడ 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు సుంకం లేకపోవటం 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ధర చెప్పేముందు ఆ సుంకం ఎవరు కట్టాలో మాట్లాడుకోండి. లేకపోతే పచ్చడి అక్కడి కస్టమ్సులో, తగాదా మీ ఫోనులో.

జి.ఎస్.టి. గురించి ఒక్క హెచ్చరిక. మన రాష్ట్రంలోనే సరుకు అమ్ముకునేవారికి ఏడాదికి 40 లక్షల దాకా వెసులుబాటు వుంది. సరిహద్దు దాటితే మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషను అవసరం కావచ్చు. ఇక్కడే మనవాళ్ళు తప్పటడుగు వేస్తున్నారు. 2014కు ముందు హైదరాబాదు పంపితే మన రాష్ట్రంలో పంపినట్టే. ఇప్పుడది పక్క రాష్ట్రం! మనసుకు సరిహద్దు కనపడదు కాని బిల్లుకు కనపడుతుంది. చేతి అద్దకం వంటి చేతిపనులకు కొన్ని సడలింపులున్నాయి. మీకు వర్తిస్తుందో లేదో ఆడిటరును ఒకసారి అడగటం మంచిది.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టే విషయం, "నేను అంగీకరిస్తున్నాను" అనే మీట.

ఏ యాప్‌లోనైనా అమ్మకందారుగా చేరేటప్పుడు చాంతాడంత ఒప్పందం కనపడుతుంది. చదవకుండా కిందికి తోసి నొక్కేస్తాం. కాగితం మీద సంతకం పెట్టలేదు గనక అది చెల్లదనుకోకండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం స్పష్టంగా అంటున్నది. అందులో మూడు చోట్ల మాత్రం ఆగి చదవండి. ఒకటి, ఏ కారణం మీద మీ ఖాతా ఆపవచ్చు, ఆపితే రావలసిన డబ్బు ఎన్నాళ్ళు పట్టి వుంచవచ్చు. రెండు, తిరిగి వచ్చిన సరుకు నష్టం ఎవరిది. మూడు, తగాదా వస్తే ఏ ఊరి కోర్టు. ఈ మూడోది సాధారణంగా బెంగుళూరో, ఢిల్లీయో వుంటుంది. ఎనిమిది వేల రూపాయల బాకీకి బందరు నుంచి బెంగుళూరు ఎవరు వెళ్తారు? వెళ్ళరని వాళ్ళకూ తెలుసు.

కొనేవారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక, కొన్నావిడ తానుండే జిల్లాలోనే మీ మీద ఫిర్యాదు వెయ్యవచ్చు. న్యాయమే, మనం కొనేటప్పుడు మనకూ అదే హక్కు. కాని అమ్మేటప్పుడు ఎక్కడో దూరపు జిల్లా నుంచి నోటీసు వస్తే, "ఎవరో ఏదో పంపారు" అని సొరుగులో పడెయ్యకండి. జవాబు ఇవ్వటానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ 45 దాటితే ఒక్క రోజు కూడా పెంచే అధికారం కమిషనుకు లేదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చి చెప్పింది. మీ వైపు న్యాయం ఎంతున్నా ఆ తర్వాత చెప్పుకునే చోటు వుండదు.

మరి మీకు బాకీపడ్డవాళ్ళ సంగతి? ఇక్కడ ఆడవాళ్ళు తెలుసుకోవలసిన మంచి ఆయుధం ఒకటుంది. మీరు స్వయంగా తయారుచేసే చిన్న పరిశ్రమగా "ఉద్యం" రిజిస్ట్రేషను చేసుకోండి. 2020 జులై నుంచి వచ్చినదిది. ఆధారు, పాన్ నంబర్లు కావాలి, ఒక్క పైసా రుసుము లేదు. డబ్బడిగే దలారీ సైట్ల జోలికి పోకండి. సరుకు పంపాక కాదు, పంపకముందే చేసుకోవాలి. అప్పుడు 2006 చట్టం మీకు వర్తిస్తుంది. మీ దగ్గర చీరెలు కొన్న దుకాణం, ఏ షరతూ రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులకు మించకుండా డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే ప్రభుత్వ పోర్టలులో ఫిర్యాదు చేసుకోవచ్చు. విచారించే మండలి కొన్నవాడి ఊళ్ళో కాదు, మీరున్న రాష్ట్రంలోనే. ఒప్పందంలో మధ్యవర్తి వేరే ఊళ్ళో అని రాసివున్నా ఈ చట్టానిదే పైచెయ్యి అని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇది మీ దగ్గర సరుకు కొన్నవారి మీద పనిచేస్తుంది. కేవలం బేరం కుదిర్చే యాప్ "మేం కొనలేదు, మధ్యలో వున్నాం" అంటుంది. ఇతరుల దగ్గర కొని మళ్ళీ అమ్మేవారికి కూడా ఇది దొరకటం కష్టం.

చివరగా ఖాతా స్తంభించిపోవటం. ఆంధ్రా బ్యాంకు 1923లో పుట్టింది మన బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో బ్యాంకు మేనేజరుకు ఇంటి మనిషి లెక్కన మన సంగతి తెలిసేది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివారు ఫోనులో 900 రూపాయలు పంపి లడ్డూలు తెప్పించుకుంటారు. ఆ డబ్బు ఎవరినో మోసం చేసి తెచ్చినదైతే, ఎక్కడో పెట్టిన సైబరు ఫిర్యాదు మీద మీ ఖాతా మొత్తం ఆగిపోవచ్చు. పాలవాడికివ్వటానికి కూడా వుండదు. బ్యాంకుకు వెళ్ళి నోటిమాటగా కాదు, రాసిచ్చి, ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషనో రాయించుకోండి. ఆ స్టేషనుకు బిల్లూ, పార్శిలు రసీదూ, కొన్నవారితో జరిగిన మెసేజీలూ పంపి, తగాదాలో వున్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని కోరండి. వినకపోతే మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. వ్యాపారానికి వేరే ఖాతా, ఇంటి ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకున్నవారికి ఈ గండం సగమే. మీరే మోసపోయినట్టయితే క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

ఆ పెడన వదినగారు ఈ మాటలు వింటున్నారో లేదో తెలియదు. వింటుంటే మాత్రం, అమ్మా, ముందు ఆ కంపెనీవారి ఫిర్యాదుల అధికారి పేరు వాళ్ళ సైటులోనే వెతికి, మీ మీద ఫిర్యాదు చేసినవారి రిజిస్ట్రేషను నంబరు రాతలో అడగండి. ఆ నంబరు తేదీ చూసి, మీ పాత బిల్లుల తేదీలతో పోల్చుకోండి. మీ మామగారి అచ్చును అటక మీద నుంచి దించి, తుడిచి, ఒక గుడ్డ మీద వేసి ఫోటో తీయించండి. కొయ్య మీద చెక్కినవాడి గుర్తేమైనా వుందేమో తిప్పి చూడండి.